పిల్లల చేతికి కారు తాళాలు

(ఉగాది సాంస్కృతికోత్సవంలో తల్లిదండ్రుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



పద్యం, నాట్యం, నాటకం జరిగే వేదికమీద కార్ల సంగతి ఏమిటని కొందరు అనుకోవచ్చు. మా తల్లిదండ్రుల ఉపసంఘంలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. చివరకు అందరం ఒక మాటమీదికి వచ్చాం. ఈ ఉత్సవాలు ఎవరికోసం జరుపుకుంటున్నామో ఆ పిల్లలు క్షేమంగా ఇల్లు చేరడంకంటే పెద్ద సాంస్కృతిక విషయం మరొకటి లేదు. అందుకే ఈ సంవత్సరం ఈ అరగంట అడిగి తీసుకున్నాం.

ముందుగా ఒక రాత్రి సంగతి చెప్పాలి. ఇది మన తప్పు కనుక పేర్లు చెప్పడంలేదు. కొన్నేళ్ల కిందట ఇటువంటి సభే ఒకటి ఆలస్యంగా ముగిసింది. గడియారం పదకొండున్నర దాటింది. కుర్చీలు సర్దాలి, వంటపాత్రలు కడగాలి, హాలు తాళాలు అప్పగించాలి. పెద్దలం ఆ పనుల్లో ఉన్నాం. పిల్లలకు నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు మాకు పదిహేడేళ్ల కుర్రవాడొకడు కనిపించాడు. లైసెన్సు వచ్చి రెండు నెలలైంది. బుద్ధిమంతుడు. “నాయనా, ఈ నలుగురినీ ఇళ్లదగ్గర దింపేసి వెళ్లు, పుణ్యముంటుంది” అన్నాం. కాదనలేదు. మన పిల్లలు పెద్దలమాట కాదనరని మనం గర్వంగా చెప్పుకుంటాం కదా!

బయట వాన. వెనకసీటులో ముగ్గురు సాయంత్రం చేసిన నాటికలోని మాటలు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. దారిలో ఉండగా ఫోను మోగింది. ఫోను చేసింది ఏ స్నేహితుడో కాదు, మాలో ఒకరం. “ఎక్కడిదాకా వచ్చారు?” అని అడగడానికి. అతడు ఫోనుకోసం చెయ్యి చాచాడు. మలుపులో కారు జారి రోడ్డుపక్క ఇనుప కమ్మీకి కొట్టుకుంది. దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయి. ఒక అమ్మాయికి చెయ్యి విరిగి ఆ ఏడాదంతా నాట్యానికి దూరమైంది. ఆ కుర్రవాడు మాత్రం చాలాకాలం కారు ముట్టలేదు. మన సభలకు రావడం కూడా మానేశాడు.

ఆ రాత్రి రాష్ట్రపు చట్టంలోని నాలుగు నిబంధనలు దాటిపోయాయి. నడపకూడని వేళ ఒకటి. ఎక్కించుకోకూడనంతమంది జనం రెండు. ఫోను మూడు. నంబరు ప్లేటుమీద ఉండవలసిన ఎర్రగుర్తు నాలుగు. కొత్త కారు అందం పాడవుతోందని ఇంట్లోవాళ్లే దాన్ని పీకేశారు. ఈ నాలుగింటిలో ఆ పిల్లవాడు తనంతట తానుగా దాటింది ఒక్కటీ లేదు. అన్నీ పెద్దలమే దాటించాం. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట చెప్పడానికే.

ఇంతకీ ఆ చట్టం ఏమంటుంది? దీన్ని ఇక్కడ గ్రాడ్యుయేటెడ్ డ్రైవర్ లైసెన్సు అంటారు. మన మాటల్లో అంచెలవారీ లైసెన్సు అనుకోవచ్చు. మన ఊళ్లలో పిల్లలకు ఈత ఎలా నేర్పేవారో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. నడుముకు బెండ్లు కట్టేవారు. బావి మెట్లమీద మేనమామో పెదనాన్నో కూర్చునేవాడు. పిల్లవాడు కాళ్లూ చేతులూ ఆడించడం నేర్చినకొద్దీ ఒక్కొక్క బెండూ విప్పేవారు. చివరకు ఏ బెండూ లేకుండా ఈదేవాడు. మొదటిరోజే బెండ్లు లేకుండా తోసేయడం ఎంత తప్పో, పెళ్లీడు వచ్చినా గట్టుమీదే కూర్చోబెట్టడం అంత తప్పు. ఈ చట్టం బెండ్ల లెక్క చెబుతుంది, అంతే.

మన న్యూజెర్సీలో మొదటి అంచె పదహారేళ్లకు మొదలవుతుంది. లైసెన్సు ఉన్న డ్రైవింగ్ స్కూలులో ఆరు గంటల శిక్షణకు చేరాలి. రాతపరీక్ష, కంటిపరీక్ష ప్యాసు కావాలి. అప్పుడు పర్మిట్ వస్తుంది. ఆ పర్మిట్‌తో కనీసం ఆరు నెలలు పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకునే నడపాలి. ఆ పక్కన కూర్చునేవారికి 21 ఏళ్లు నిండి ఉండాలి, మన రాష్ట్రపు లైసెన్సు వచ్చి మూడేళ్లయి ఉండాలి. రట్గర్స్‌లో చదివే ఇరవై ఏళ్ల అక్కయ్య పనికిరాదు. గుంటూరులో ముప్పై ఏళ్లు అంబాసిడర్ నడిపి, నిరుడే ఇక్కడికి వచ్చిన తాతయ్య కూడా పనికిరాడు. తాతయ్యలు మన్నించాలి.

రెండో అంచె పదిహేడేళ్లకు. రోడ్డుపరీక్ష ప్యాసైతే ప్రొబేషనరీ లైసెన్సు ఇస్తారు. ఇప్పుడు ఒంటరిగా నడపవచ్చు. కానీ కనీసం ఒక ఏడాదిపాటు కొన్ని బెండ్లు ఉంటాయి. రాత్రి 11 గంటల 1 నిమిషం నుంచి తెల్లవారుజామున 5 గంటలదాకా నడపరాదు. అమ్మో నాన్నో కారులో లేనప్పుడు ఒక్కరినిమించి ఎక్కించుకోరాదు. తోబుట్టువులైనా సరే. చెల్లెల్నీ తమ్ముణ్ణీ కలిపి నాట్యం క్లాసుకు తీసుకుపోవడానికి కూడా వీల్లేదు. ఫోను చేత్తో పట్టుకోరాదు, పట్టుకోకుండా మాట్లాడే పరికరాలూ వాడరాదు. కారులో ఉన్నవారందరూ సీటుబెల్టు పెట్టుకోవాలి. ముందూ వెనుకా నంబరు ప్లేట్లమీద మెరిసే ఎర్రగుర్తు ఉండాలి. వీటిలో దేన్ని తప్పినా 100 డాలర్ల జరిమానా.

మూడో అంచె పద్దెనిమిది నిండాక, ఆ ఏడాది శుభ్రంగా గడిచాక. అప్పుడు పూర్తి లైసెన్సు.

“పద్దెనిమిది దాకా ఆగితే ఈ గోలంతా ఉండదు కదా” అని కొందరు తల్లులు అడుగుతుంటారు. ఉంటుంది. మన రాష్ట్రంలో 21 ఏళ్లలోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఆరు నెలల పర్మిట్, ఆ తర్వాత ప్రొబేషనరీ ఏడాది తప్పవు. ముఖ్యంగా అమ్మాయిల విషయంలో ఈ మాట ఎక్కువగా వింటున్నాం. “దానికెందుకండీ తొందర, అన్నయ్య దింపుతాడుగా” అంటారు. అన్నయ్యా కొత్తవాడే. పైగా ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లాక, మనం పక్కన లేనిచోట నేర్చుకోవలసి వస్తుంది. మన కళ్లముందు నేర్చుకోవడం మంచిదా, కళ్లు దాటాకనా? ఆలోచించండి.

ఈ పద్ధతి మనమీద కక్షతో పుట్టింది కాదు. 1987లో న్యూజిలాండ్ దీన్ని మొదటిసారి పూర్తిగా అమలుచేసింది. అమెరికాలో 1996లో ఫ్లారిడా మొదలుపెట్టింది. మన న్యూజెర్సీలో 2001 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. నిబంధనలు మాత్రం రాష్ట్రానికొక తీరు. న్యూయార్క్ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లలోపువారి జూనియర్ లైసెన్సుతో న్యూయార్క్ నగరంలో నడపనివ్వరు. కనుక క్వీన్స్‌లో ఉన్న పిన్నిగారింటికి పిల్లవాణ్ణి కారిచ్చి పంపేముందు ఆ రాష్ట్రపు నిబంధన చూసుకోవాలి.

వేసవి సెలవుల్లో మన పిల్లలు విజయవాడకో వరంగల్లుకో వెళతారు. అక్కడ బావగారి మోటారుసైకిలు కనిపిస్తుంది. “అమెరికాలో కారే నడుపుతున్నాను, ఇదెంత” అనిపిస్తుంది. భారతదేశపు మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం అలాంటి బండికి పద్దెనిమిదేళ్లు నిండాలి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే, సంరక్షకుడికి గానీ బండి యజమానికి గానీ మూడేళ్లదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. మేనల్లుడి ముచ్చట తీర్చబోయి మేనమామ చిక్కుల్లో పడతాడు.

ఇక ఈ నిబంధనలకు కారణాలు చెప్పుకుందాం. మైళ్ల లెక్కన చూస్తే, 16 నుంచి 19 ఏళ్లవారు ప్రాణాంతక ప్రమాదాల్లో పడే రేటు ఇరవై దాటినవారికి దాదాపు మూడింతలు. ఇది పొగరుబోతు పిల్లల సంగతి మాత్రమే కాదు. ప్రమాదం పొంచి ఉన్నచోటు ముందుగా కనిపెట్టడం పుస్తకంతో వచ్చే విద్య కాదు. పార్కు చేసిన బస్సు వెనకనుంచి పిల్లవాడు పరుగెత్తి రావచ్చునని మనకు తోస్తుంది, కొత్తవాడికి తోచదు. అందుకే ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలలే అన్నిటికంటే గడ్డు నెలలు.

స్నేహితుల సంగతి మరీ ఆశ్చర్యకరం. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2000లో ఒక పరిశోధన వచ్చింది. పదహారేళ్ల డ్రైవరు ఒంటరిగా ఉన్నప్పటి ప్రాణాపాయంతో పోలిస్తే, ఒక ప్రయాణికుడు ఉంటే అది 1.39 రెట్లు, ఇద్దరుంటే 1.86 రెట్లు, ముగ్గురో అంతకు మించో ఉంటే 2.82 రెట్లు అని అందులో తేలింది. మనం ఏమనుకుంటాం? నలుగురూ కలిసి వెళితే ధైర్యం అనుకుంటాం. నడిచివెళ్లే బాటలో అది నిజం. పదిహేడేళ్లవాడు నడిపే కారులో కాదు. మా ఉపసంఘంలో ఈ అంకెలు చదివిన రోజు, ఆ వానరాత్రి వెనకసీటు గుర్తొచ్చి ఎవరమూ కాసేపు మాట్లాడలేకపోయాం.

మరో సంగతి ఒప్పుకోవాలి. మనలో తొలితరంవాళ్లం పదిహేడేళ్లప్పుడు కారు నడపలేదు. సైకిలు తొక్కాం, ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డుమీద వేళ్లాడాం. స్టీరింగు పట్టుకునేసరికి చాలామందికి పాతికేళ్లు దాటాయి. పదిహేడేళ్ల డ్రైవరు మనసు మనకు అనుభవంలో లేదు. ఇక్కడే పుట్టి ఇప్పుడు తల్లిదండ్రులైన రెండోతరంవారు ఆ అనుభవం ఉన్నవారు. ఈ విషయంలో వారే మనకు గురువులు. వారిని ముందుకు రమ్మని కోరుతున్నాం.

ఇప్పుడు మన అలవాట్లదగ్గరికి వద్దాం. చట్టం మూడు ముఖ్యమైన కంచెలు కట్టింది. రాత్రివేళ, జనం, ఫోను. మన సంఘజీవితం సరిగ్గా ఈ మూడు కంచెలమీదుగానే నడుస్తోంది. మన కార్యక్రమాలు ఆరు గంటలకని వేసి ఏడున్నరకు మొదలై అర్ధరాత్రికి ముగుస్తాయి. మన పిల్లలు ఎక్కడికి వెళ్లినా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పక్కింటివాళ్లు అందరూ ఒకే బండిలో. మన ప్రేమ ఫోనులో ఉంటుంది. బయలుదేరావా? దారిలో ఉన్నావా? తిన్నావా? ఇవన్నీ మంచి గుణాలే. కానీ పిల్లవాడు స్టీరింగుముందు కూర్చున్నప్పుడు ఇవే వాడికి అపాయం. పోలీసు ప్రతి వీధిలోనూ ఉండడు. ఈ నిబంధనలు నడిచేది ఇంటి గడపదగ్గరే. గడపదగ్గర నిలబడేది మనం.

ఉద్యోగానికో మతసంబంధమైన కార్యక్రమానికో సరైన పత్రం ఉంటే రాత్రివేళ నిబంధనలో కొంత సడలింపు ఉంది. అంతమాత్రాన నాటిక రిహార్సలును దేవుడి సేవ అని రాయించుకోవడం న్యాయం కాదు. దేవుడికి తెలుసు, పోలీసుకూ తెలుసు.

ఎర్రగుర్తు గురించి రెండు మాటలు. ఇది 2010 మే 1 నుంచి అమలులో ఉంది. 2006లో మన రాష్ట్రంలో పదహారేళ్ల అమ్మాయి ఒకతె, మరో కుర్రవాడు నడుపుతున్న కారులో ప్రయాణిస్తూ ప్రమాదంలో మరణించింది. ఆ తల్లి కడుపుకోతనుంచి ఈ చట్టం పుట్టింది. “ఆ గుర్తు చూసి దుర్మార్గులు పిల్లల వెంటపడరా” అని చాలామంది తల్లిదండ్రులు భయపడ్డారు. కోర్టుకు కూడా వెళ్లారు. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు లెక్కలు తీశారు. గుర్తు వచ్చిన తొలి ఏడాదిలో ప్రొబేషనరీ డ్రైవర్ల ప్రమాదాల రేటు 9 శాతం తగ్గిందని, సుమారు 1,600 ప్రమాదాలు తప్పాయని వారి అంచనా. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టి మనం అందం తగ్గిందనుకోం. ఇదీ దిష్టిచుక్కే అనుకోండి, రంగే వేరు. దయచేసి పీకకండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర చెబుతున్నాం. 2025 ఫిబ్రవరి 1 నుంచి మన రాష్ట్రం మరో నిబంధన పెట్టింది. 21 ఏళ్లలోపువారు పర్మిట్‌తో ఉన్న కాలంలో 50 గంటలు సాధన చేయాలి, అందులో 10 గంటలు చీకటిలో. చేశారని మనమే సంతకం పెట్టాలి. ఇది విని కొందరు “అంత తీరిక ఎక్కడిది, సంతకం పెట్టేస్తే పోలా” అన్నారు. ఆ సంతకం రాష్ట్రంకోసం కాదు. మన బిడ్డకు 50 గంటలు నేర్పామని మనకు మనమే చెప్పుకునే మాట అది. అబద్ధమైతే అది మోటారు వాహనాల ఆఫీసుకు చెప్పిన అబద్ధంగానే మిగిలిపోదు.

లెక్క చూడండి. ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి రెండు గంటలు చాలు. మొదట ఖాళీ పార్కింగు స్థలం. తర్వాత మన వీధులు. తర్వాత స్కూలు విడిచే వేళ. తర్వాత వాన, తర్వాత చీకటి. చివరకు రూట్ వన్, గార్డెన్ స్టేట్ పార్క్‌వే. చీకటి సాధన పదకొండు దాటనివ్వకండి. పర్మిట్ ఉన్నవారు ఆ వేళ మన పక్కన ఉన్నా నడపరాదు. శీతాకాలంలో అయిదు గంటలకే పొద్దుగుంకుతుంది కనుక ఆ పది గంటలు కష్టం కాదు.

తండ్రులకు ఒక విన్నపం. కదిలే కారులో కేకలు వేయకండి. బెదిరిన చెయ్యి బ్రేకు బదులు మరొకటి నొక్కుతుంది. చెప్పవలసింది ఉంటే కారు పక్కకు ఆపించి చెప్పండి. మన ఫోను కూడా జేబులోనే ఉంచుకుందాం. పదేళ్లుగా వెనకసీటులో కూర్చుని వాళ్లు చూస్తున్నది మన డ్రైవింగే. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. ముందు మాను కాస్త వంగాలి.

తల్లులకు మరో మాట. పిల్లలు మాతో మాట్లాడరు, గదిలో తలుపు వేసుకుంటారు, తెలుగు మరచిపోతున్నారు అని ప్రతి సభలోనూ బాధపడుతున్నాం. తలుపు వేసుకోవడానికి వీల్లేని చోట, పక్కపక్కన 50 గంటలు కూర్చోమని ఈ ప్రభుత్వమే చెబుతోంది! పెద్ద కబుర్లు వద్దు, వాళ్ల చూపు రోడ్డుమీద ఉండాలి. “మెల్లగా”, “కుడివైపు చూడు”, “అద్దం చూసుకో”, “బాగా తిప్పావు” - ఈ నాలుగు మాటలూ తెలుగులో చెప్పండి. బాగా తిప్పావన్న మాట తక్కువగా వాడుతున్నాం, దాన్ని కాస్త ఎక్కువగా వాడండి.

ఇక మా ఉపసంఘం ఈ సభముందు నాలుగు కోరికలు పెడుతోంది. ఒకటి: మన కార్యక్రమాలకు రాత్రి పది గంటలకు తెర దించాలి. ముఖ్యఅతిథి ప్రసంగమైనా సరే, మంగళహారతి పదికే. రెండు: ప్రతి సభకూ వంటకు, వేదికకు ఉన్నట్టే పిల్లల్ని ఇళ్లకు దింపే పెద్దల జాబితా ఒకటి ఉండాలి. లైసెన్సు కొత్తగా వచ్చిన పిల్లల్ని “వీళ్లను దింపెయ్యి నాయనా” అని ఎవరూ అడగరాదు. మూడు: పిల్లలు దారిలో ఉండగా మనం ఫోను చేయరాదు. చేరాక వాళ్లే చేస్తారు. ఆ అరగంట ఆందోళన మనమే మోద్దాం. నాలుగు: ఏ పిల్లవాడైనా, ఏ అమ్మాయైనా, ఏ రాత్రి అయినా “మామయ్యా, నేను నడపలేను, వచ్చి తీసుకెళ్లు” అని ఫోను చేస్తే, మనలో ఎవరైనా సరే వెళ్లాలి. ఆ రాత్రి ప్రశ్నలు వద్దు. మరునాడు ఇడ్లీ పెట్టి అడగవచ్చు.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాం. ప్రమాదం జరిగిన చాలా నెలల తర్వాత మేము ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. తప్పు మాది, నీది కాదు అని అతడితో చెప్పాం. ఏమీ అనలేదు. తలుపుదాకా వచ్చి సాగనంపాడు. ఆ తర్వాతి ఉగాదికి రాలేదు. పై ఏడు వచ్చాడు, వాళ్ల నాన్న కారు నడుపుతుంటే పక్కన కూర్చుని. ఇప్పుడు తనే నడుపుతున్నాడు. ఇందాక చెప్పిన జాబితాలో మొదటి పేరు అతడిదే. తనే రాసి ఇచ్చాడు.

మన భాషలో గడప దాటేటప్పుడు “వెళ్తాను” అనం, “వెళ్లొస్తాను” అంటాం. “వెళ్లిరా” అని సాగనంపుతాం. అంచెలవారీ లైసెన్సు నిబంధనలన్నీ ఆ రెండో సగంకోసమే ఉన్నాయి. తాళాలు ఇవ్వండి, తప్పక ఇవ్వండి. ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా ఇవ్వండి.

 గడియారం చూసుకున్నాం, మీరూ చూసుకోండి. అందరూ క్షేమంగా వెళ్లిరండి.